పక్కింటి ముగ్గు, పరాయి లిపిలో ఫిర్యాదు: సరిహద్దు తెలుగు వీధుల్లో భద్రత లెక్క

ఒడిశాలోని బరంపురంలో ఉన్న పాత తెలుగు వీధుల నుంచి సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్లకు వెళ్లే కుటుంబాలు ఇంటికి తాళం వేశాక పక్కింటివారికి ఒక పని అప్పగించి వెళ్తుంటాయి. రోజూ తెల్లవారుజామున తమ గుమ్మం ముందు కూడా నీళ్లు చల్లి, నాలుగు గీతలైనా ముగ్గు వేయమని కోరతాయి. ధనుర్మాసంలో ముగ్గు లేని వాకిలి కనిపిస్తే ఆ ఇంట్లో మనుషులు లేరని వీధి చివర నుంచే తెలిసిపోతుంది. తాళం కొట్టేవాడు మొదట చూసేది తాళాన్ని కాదు, వాకిలినే. పక్కింటావిడ వేసే ఆ ముగ్గుకు ఏ పోలీసు నివేదికలోనూ చోటు లేదు. అయినా ఆ వీధివాళ్లు భద్రత అన్న మాటకు ఇచ్చే అర్థం చాలావరకు అందులోనే ఉంది: తాము లేని పూట తమ ఇంటిని కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరున్నారన్న నమ్మకం.

నేరం గురించి ఒక వీధి జనం ఏమనుకుంటారన్నది ఆ వీధిలో ఎన్ని నేరాలు నమోదయ్యాయన్న దాన్ని బట్టి నడవదు. కేసులు పెద్దగా లేని వీధిలో పొద్దుగూకగానే తలుపులు బిగించుకోవచ్చు; కేసులు ఎక్కువున్న బజారులో రాత్రి పది దాకా పిల్లలు ఆడుకోవచ్చు. ఈ తేడాను జనం అపోహగా కొట్టిపారేయడం అధికారులకు అలవాటు. అది తొందరపాటు. భయం వెనుక ఒక లెక్క ఉంటుంది. తనకేదైనా జరిగితే తన మాట ఎవరు వింటారు, ఎంతసేపట్లో వింటారు, ఏ భాషలో వింటారు అన్నదే ఆ లెక్క. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ, మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల్లోనూ తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి ఈ లెక్క మరింత చిక్కుముడిగా ఉంటుంది. 2011 జనగణన ప్రకారం ఒక్క ఒడిశాలోనే తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఆరు లక్షలకు పైబడే ఉన్నారు. వీరిలో చాలామంది బతుకుతెరువు కోసం వలస వచ్చినవారు కారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు అక్కడి తెలుగు కుటుంబాలకు ఇల్లు మారలేదు, కచేరీ భాష మారింది.

ముందుగా ఠాణా లెక్క ఎలా తయారవుతుందో చూడాలి. దేశంలో 1953 నుంచి ఏటా నేర గణాంకాలు వెలువడుతున్నాయి. 1986లో ఏర్పడిన జాతీయ నేర నమోదు సంస్థ ఇప్పుడు వాటిని ప్రచురిస్తోంది. ఆ గణాంకాలు రాష్ట్రం, జిల్లా, పెద్ద నగరం స్థాయిలో ఉంటాయే తప్ప వీధి స్థాయిలో ఉండవు. పైగా ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో నాలుగు నేరాలుంటే వాటిలో అతి తీవ్రమైనది మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఇంట్లో చొరబడి, కొట్టి, దోచి, చివరికి చంపితే అది హత్య కింద ఒక్కటిగానే కనిపిస్తుంది. అసలు ఫిర్యాదే చేయని నేరం ఏ కాలమ్‌లోనూ చేరదు. ఇవన్నీ నిపుణులకు తెలిసిన పరిమితులే. వీధి మనిషికి నేరుగా తగిలే మరో సంగతి 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లో ఉంది. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం అయిదు వేల రూపాయల కంటే తక్కువ విలువున్న వస్తువును దొంగిలించి, మొదటిసారి శిక్షపడి, సొత్తు తిరిగి ఇచ్చినవారికి సమాజసేవే శిక్ష. అలాంటి చిన్న దొంగతనాన్ని నాన్-కాగ్నిజబుల్ నేరంగా, అంటే పోలీసులు తమంతట తాము ఎఫ్.ఐ.ఆర్. కట్టి దర్యాప్తు మొదలుపెట్టలేని నేరంగా వర్గీకరించారు. ఠాణాలో దాన్ని పుస్తకంలో రాసుకుని, ఫిర్యాదీని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని చెప్పాలి.

దీని వెనుక ఉద్దేశం మంచిదే. ఆకలికి దొంగతనం చేసిన కుర్రాడిని జైలుకు పంపకపోవడం సమంజసమే. వీధి వైపు నుంచి చూస్తే మాత్రం మరొకటి కనిపిస్తుంది. అరుగు మీద ఆరబెట్టిన ఇత్తడి బిందె, పెరట్లో కట్టిన మేక, గోడకు ఆనించిన పాత సైకిలు, మగ్గం పక్కన ఉంచిన పట్టునూలు చిలపలు, బోరు మోటారు తీగ: ఇలాంటివే జనం తరచుగా పోగొట్టుకునేవి. వీటిలో చాలావాటి ధర అయిదు వేలు దాటదు. బిందె పోయిన ఇంటావిడ మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లదు, ఆ మాటకొస్తే ఠాణాకే వెళ్లదు. కుళాయి దగ్గర చెబుతుంది. అక్కడ విన్నవారికి తమ ఇంట్లో నిరుడు పోయిన గంగాళం గుర్తొస్తుంది. వారం తిరిగేసరికి ఆ వీధి మొత్తానికి ‘దొంగల బెడద ఎక్కువైంది’ అన్న నిర్ణయం స్థిరపడుతుంది. ఠాణాలో అడిగితే ఆ వీధి నుంచి ఏడాదిగా ఒక్క కేసూ లేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి పుస్తకాలు వేరు.

గొలుసు దొంగతనాల సంగతి ఇంకోలా ఉంటుంది. వాకిట్లో వంగి ముగ్గు వేస్తున్న ఆడమనిషి మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుని బైకు మీద పారిపోవడం తెలుగు వీధులన్నీ ఎరిగిన నేరం. తెల్లవారుజాము, ఖాళీ రోడ్డు, రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి: దొంగకు కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి. ఇలాంటి నేరం జరిగినప్పుడు ఒడియా ఇళ్లు, తెలుగు ఇళ్లు కలిసి ఉన్న వాడలో ‘తెలుగువాళ్లమని కనిపెట్టి మరీ చేస్తున్నారు’ అన్న మాట తేలిగ్గా పుడుతుంది. ఒడియా ఇళ్లలో మార్గశిర లక్ష్మివారాల్లో బియ్యపు పిండితో ఝోటి వేస్తారు, తెలుగు ఇళ్లలో రోజూ ముగ్గు వేస్తారు. దొంగ ఎంచుకునేది ఆ రోజువారీ వేళనే. వేళను బట్టి వచ్చే ప్రమాదాన్ని భాషను బట్టి వచ్చిన ప్రమాదంగా వీధి అర్థం చేసుకుంటుంది. ఈ తేడా చిన్నది కాదు. వేళ వల్ల వచ్చే ప్రమాదానికి అయిదింటికి ఒక గస్తీ చాలు, వెలిగే వీధిదీపం చాలు. భాష వల్ల వచ్చిందనుకున్న ప్రమాదం పక్కింటివారి మీద అనుమానంగా మారుతుంది. న్యాయ సంహిత 304వ సెక్షన్ లాక్కుపోవడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొని మూడేళ్ల దాకా జైలుశిక్ష నిర్ణయించింది. అంతకుముందు ఇది ఒక ఠాణాలో దొంగతనంగానూ మరో ఠాణాలో దోపిడీగానూ నమోదయ్యేది కాబట్టి, పాత ఏళ్ల అంకెలతో కొత్త అంకెలను పోల్చి పెరిగిందనో తగ్గిందనో చెప్పేవారిని ఒకటికి రెండుసార్లు ప్రశ్నించాలి.

వీధి రూపం కూడా భయాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. పగిలిన కిటికీని బాగుచేయకుండా వదిలేస్తే ఆ చోటు ఎవరికీ పట్టనిదన్న సంకేతం వెళ్తుందనీ, చిన్న అస్తవ్యస్తతే పెద్ద నేరాలకు దారి తీస్తుందనీ అమెరికాలో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ 1982లో చేసిన వాదన ప్రపంచమంతా తిరిగింది. దాన్ని పట్టుకుని పేదవాడలపై పోలీసు ఒత్తిడి పెంచిన నగరాలూ ఉన్నాయి. 1997లో రాబర్ట్ శాంప్సన్ బృందం షికాగో వాడల మీద ప్రచురించిన అధ్యయనం ఇంకో విషయం పట్టుకుంది: ఇరుగుపొరుగు ఒకరినొకరు నమ్మి, తప్పు కనిపించినప్పుడు కల్పించుకోవడానికి సిద్ధంగా ఉన్న వాడల్లో, పేదరికం వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, హింస తక్కువగా కనిపించింది. షికాగోకూ బరంపురానికీ పోలిక లేదనడం సులువే. అయినా పాత నేతపని వీధుల నిర్మాణం తెలిసినవారికి ఈ రెండో మాట కొత్తగా అనిపించదు. గోడకు గోడ ఆనుకుని వరుసగా ఇళ్లు, ముందు అరుగు, లోపల మగ్గం. సాయంత్రం దీపాలవేళకు అరుగుల మీద పెద్దవాళ్లు చేరేవారు. వీధిలోకి కొత్త మనిషి వస్తే నాలుగో ఇంటి దగ్గరికి వచ్చేసరికి ‘ఎవరింటికి బాబూ?’ అన్న ప్రశ్న ఎదురయ్యేది. ఆ ప్రశ్నలో ఆప్యాయత ఉంది, కాపలా కూడా ఉంది. అరుగు తీసి ప్రహరీ కట్టి, దాని మీద గ్రిల్ బిగించిన ఇంట్లో దొంగ దూరడం కష్టమైంది; లోపల ఉన్నవారికి వీధి కనిపించడమూ కష్టమైంది. ప్రతి ఇల్లూ విడిగా గట్టిపడిన కొద్దీ వీధి మొత్తంగా గుడ్డిదవుతుంది. సీసీ కెమెరా ఆ లోటును కొంతే పూడ్చగలదు, ఎందుకంటే అది జరిగింది చూపిస్తుంది గానీ ‘ఎవరింటికి’ అని అడగదు.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి జాతర దీనికి మంచి ఉదాహరణ. బుధి ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టుగా దేశిబెహరా వీధిలోని తాత్కాలిక మందిరానికి వస్తుంది; ఆమెను ఆడపడుచుగా ఆహ్వానించేది తెలుగు నేతకారుల దేర సముదాయానికి చెందిన పెద్ద. ఆ రోజుల్లో రాత్రివేళ ఘటాల ఊరేగింపు సాగుతుంటే అర్ధరాత్రి దాటాక కూడా ఆడవాళ్లు పసుపుకుంకుమలతో వీధుల్లో నడుస్తారు. జేబుదొంగలకు అంతకంటే అనువైన గుంపు ఏడాదిలో దొరకదు. జనానికి ఆ సంగతి తెలియకపోలేదు, నగలు జాగ్రత్త అని ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారు. అయినా అవే ఊరు అతి భద్రంగా అనిపించే రాత్రులు. ప్రమాదం ఉందని తెలియడం, భయపడటం ఒకటి కావని అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పర్సు పోవచ్చు, కానీ అరిస్తే వంద మంది తిరిగి చూస్తారు. అరిచిన భాష ఏదన్నది అక్కడ అడ్డు కాదు.

ఠాణాలో అడ్డవుతుంది. గొలుసు పోయిన ఒక గృహిణి పోలీసు స్టేషనుకు వెళ్లిన సందర్భాన్ని దగ్గరగా చూస్తే విషయం బోధపడుతుంది. ఆమెకు ఇంటిపని మేరకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ‘తులంన్నర పుస్తెలతాడు, రెండు పుస్తెలు, మధ్యలో నల్లపూసలు, అమ్మ పెట్టిన పగడం’ అని తెలుగులో చెబుతుంది. వెంట వచ్చిన మరిది దాన్ని ఒడియాలోకి మారుస్తాడు. రాసేవారు ‘బంగారు గొలుసు ఒకటి’ అని రాసుకుంటారు. పగడం జారిపోయింది, నల్లపూసలు జారిపోయాయి. రేపు ఒక కంసాలి కొట్టులోనో దొంగ దగ్గరో దొరికిన నగల కుప్పలో ఆ తాడును గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లు అవే. తర్వాత అడిగే ప్రశ్న రసీదు. పెళ్లినాడు పెట్టిన బంగారానికి రసీదు ఉండదు. బైకు మీద వచ్చినవారు ఏ భాషలో మాట్లాడారని అడిగితే, వారు మాట్లాడనే లేదని ఆమె చెబుతుంది, కానీ ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందోనని ఇంటికి వెళ్లాక కూడా ఆలోచిస్తుంది. చివరికి తాను చదవలేని కాగితం కింద తెలుగులో సంతకం పెట్టి వస్తుంది. అక్కడ ఎవరూ ఆమెను అవమానించలేదు, రాసినవారు తమ పని తాము చేశారు. అయినా మర్నాటి నుంచి ఆ వీధిలో చెప్పుకునే మాట ఒక్కటే: ‘వెళ్లినా లాభం లేదు.’ తర్వాత పోయే రెండు గొలుసులు ఫిర్యాదు దాకా వెళ్లకపోవడానికి ఆ మాటే కారణమవుతుంది, ఠాణా లెక్కలో ఆ వీధి మరింత శాంతంగా కనిపిస్తుంది.

చట్టం ఈ స్థితిని ఊహించకపోలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నోటిమాటగా చెప్పిన సమాచారాన్ని రాసుకున్నాక దాన్ని చెప్పినవారికి చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి, ప్రతి ఉచితంగా ఇవ్వాలి. చదివి వినిపించడం అంటే అర్థమయ్యేలా వినిపించడం అనే అనుకోవాలి. అర్థం కాని భాషలో చదివితే చప్పుడు మాత్రమే మిగులుతుంది. రాజ్యాంగం 350వ అధికరణ తన కష్టం తీర్చమని కోరే ఎవరైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం ఇవ్వవచ్చని చెబుతుంది. ఒడిశాలో తెలుగు, మహారాష్ట్రలో తెలుగు వాడుకలో ఉన్న భాషలే. తెలుగులో రాసిన కాగితాన్ని పట్టుకుని స్టేషనుకు వెళ్లవచ్చన్న సంగతి ఈ జిల్లాల్లో చదువుకున్నవారిలోనూ చాలామందికి తట్టదు. కాగ్నిజబుల్ నేరం అయితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త సంహిత మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో ముగించాల్సిన ప్రాథమిక విచారణకు వీలు కల్పించింది. దొంగతనం, గొలుసు లాక్కోవడం ఈ పరిధిలోకే వస్తాయి. కాబట్టి నగ పోయినవారికి ఎదురుచూపు మొదటి మెట్టు దగ్గరే మొదలయ్యే అవకాశం ఉంది.

సరిహద్దు వల్ల వచ్చే మరో చిక్కు పరిధిది. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి సుమారు పాతిక కిలోమీటర్లు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం అంతకంటే చాలా దగ్గర. పెళ్లిళ్లు, సంతలు, ఆసుపత్రులు, కూలిపనులు అన్నీ ఈ గీతకు అటూ ఇటూ నడుస్తాయి. బండి ఇటు పోయి అటు దొరుకుతుంది. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్.ఐ.ఆర్. పద్ధతి ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఫోనులో, ఆన్‌లైన్‌లో సమాచారమిచ్చి మూడు రోజుల్లో వచ్చి సంతకం చేసే వెసులుబాటూ ఉంది. సరిహద్దు జనానికి ఇంతకంటే ఉపయోగపడే నిబంధన మరొకటి లేదు. దీన్ని వాడుకునేవారు తక్కువ. ‘అది ఆంధ్రాలో జరిగింది, అక్కడికే వెళ్లండి’ అన్న పాత జవాబు చెవుల్లో నిలిచిపోయింది. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాకూ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలానికీ మధ్య ఉన్న 14 గ్రామాల్లో, కొరాపుట్ జిల్లా కొటియా పంచాయతీలో వివాదంలో ఉన్న 21 గ్రామాల్లో ఇది పరాకాష్ఠకు చేరుతుంది. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉన్న కుటుంబాలు అక్కడున్నాయి. బియ్యం విషయంలో రెండు ప్రభుత్వాలుండటం లాభమే. దొంగతనం జరిగిన రాత్రి రెండు ఠాణాలుండటం మాత్రం ఏ ఠాణా లేకపోవడంతో సమానమయ్యే ప్రమాదముంది.

ఇక్కడే గ్రామస్థాయి మనిషి విలువ తెలుస్తుంది. చిత్రంగా ఈ రెండు రాష్ట్రాలూ ఒకే ఏడాది, 1967లో, అలాంటి మనిషి కోసం చట్టాలు చేశాయి: మహారాష్ట్రలో పోలీసు పాటిల్, ఒడిశాలో గ్రామరక్షి. ఊళ్లోనే ఉంటూ, ఊరి సంగతులు ఠాణాకు చేరవేసే బాధ్యత వీరిది. గడ్చిరోలి జిల్లా సిరొంచ వంటి తెలుగు తాలూకాలో ఊరివాడైన పాటిల్ ముసలమ్మ మాట తెలుగులో విని మరాఠీలో నివేదిక రాయగలిగితే, ఆ ఊరికి దుబాసీ, కాపలాదారు ఒకరే అవుతారు. తెలుగు ప్రాంతంలో ఒకప్పటి తలారి గుర్తున్నవారికి ఈ ఏర్పాటు అర్థమవుతుంది. అయితే గడ్చిరోలిలో పోలీసు పాటిళ్లను ఇన్‌ఫార్మర్లన్న ముద్ర వేసి నక్సలైట్లు చంపిన ఘటనలు ఉన్నాయి. కబురు మోయడమే ప్రాణాంతకమైన చోట ఊరు మౌనాన్ని భద్రతగా నేర్చుకుంటుంది. ఇసుక బస్తాలు, ముళ్లకంచెల మధ్య ఉన్న ఠాణాలోకి మేక పోయిందని చెప్పడానికి ఎవరూ అడుగుపెట్టరు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న జిల్లా కేంద్రం నుంచి చూస్తే ఆ మౌనం ప్రశాంతతలా కనిపిస్తుంది.

అంకెలు ఎక్కువై భయం తక్కువయ్యే సందర్భాలూ ఉన్నాయి. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్ నుంచి 2021 దాకా ఉంది. నిషేధం ఉన్న జిల్లాలో సీసా దొరికితే కేసు, లేని జిల్లాలో అదే సీసా వ్యాపారం; పొరుగు రాష్ట్రంలో బహిరంగంగా అమ్మే సరుకు నది దాటగానే నేరమవుతుంది. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల నుంచి పోయే గంజాయి లారీలు పట్టుబడినప్పుడు పత్రికల్లో పెద్ద వార్తలవుతాయి, జిల్లా పేరు నేరాల పటంలోకి ఎక్కుతుంది; రాయగడలో కూరగాయలు అమ్ముకునే మనిషి రాత్రి నిద్రను ఆ లారీ చెడగొట్టదు. ఆమె నిద్ర చెడగొట్టేది తాగి వచ్చి కొట్టే ఇంటి మనిషి, సందు మలుపులో వెలగని దీపం. చంద్రపూర్‌లో నిషేధం కోసం ఏళ్ల తరబడి కొట్లాడింది ఆడవాళ్లే. సారా దుకాణం ప్రభుత్వ లెక్కలో ఆదాయం, వారి లెక్కలో నేరం జరిగే చోటు. ఏది నేరమన్న దానిపైనే వీధికీ ప్రభుత్వానికీ ఏకాభిప్రాయం లేనప్పుడు నేరం పెరిగిందా తగ్గిందా అన్న ప్రశ్నకు ఇద్దరి జవాబూ ఒకటి కావడం సాధ్యం కాదు.

భయం ఎటు చూస్తుందన్నది అన్నిటికంటే బరువైన విషయం. అది ఎప్పుడూ బయటివైపే చూస్తుంది. 2018 మే నెలలో తెలంగాణలో ‘పార్థీ గ్యాంగ్ దిగింది’ అన్న వాట్సాప్ వదంతులు ఊరూరా తిరిగి అమాయకులపై దాడులకు, మరణాలకు దారితీశాయి. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడాలో పిల్లలనెత్తుకుపోయేవారన్న అనుమానంతో భిక్షాటన చేసుకునే నాథపంథీ డవరీ గోసావీ సముదాయం వారిని అయిదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని అయిదు చాట్‌లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. పార్థీలు మహారాష్ట్రలోనూ, మరికొన్ని రాష్ట్రాల్లోనూ ఉన్న ఒక సంచార సముదాయం; బ్రిటిషువారు 1871 చట్టంతో ఎన్నో సంచార కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేస్తే, ఆ ముద్ర పడినవారిలో వీరూ ఉన్నారు. స్వతంత్ర భారతం 1952లో ఆ చట్టాన్ని తీసేసింది, కానీ పేరుకు అంటిన మచ్చ వదంతిగా బతికే ఉంది. సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఈ వదంతులు రెండువైపుల నుంచీ వస్తాయి: తెలుగు బంధువుల గ్రూపుల్లోంచి ఒకటి, స్థానిక మరాఠీ, ఒడియా గ్రూపుల్లోంచి మరొకటి. రెండు భాషల్లో ఒకే మాట వినిపిస్తే అది రుజువైనట్టు అనిపిస్తుంది. నిజానికి ఒకే అబద్ధం అనువాదమై తిరిగి వచ్చి ఉండవచ్చు. ఇంకో సంగతి కూడా మరవకూడదు. వీధిలో తెలియని భాష మాట్లాడే మనిషి మీద అనుమానం పెంచుకోవడం ఎంత తేలికో, అదే అనుమానానికి తెలుగు మనిషి వేరే ఊళ్లో గురికావడమూ అంతే తేలిక.

లోపలివైపు చూస్తే చిత్రం మారుతుంది. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారేనని జాతీయ గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బయటివాడి కోసం గ్రిల్ బిగించిన ఇంట్లో ఆడపిల్లకు ప్రమాదం గ్రిల్ లోపలే ఉండవచ్చు. ‘మా వీధిలో అలాంటివి లేవు’ అన్న మాట ఏ వీధిలోనైనా వినిపిస్తుంది. భాషాపరంగా మైనారిటీ అయిన వాడలో దానికి ఇంకో పొర చేరుతుంది. ఇంటి గుట్టు బయటపడితే తెలుగువాళ్ల పరువు పోతుందన్న జంకు బాధితురాలి నోరు కట్టేస్తుంది. కులపెద్దల రాజీ ఆమె భాషలో నడుస్తుంది, ఠాణా నడవదు. అందుకే న్యాయం ఉన్నవైపుకు కాకుండా భాష ఉన్నవైపుకు ఆమె వెళ్లాల్సి వస్తుంది. శ్రీకాకుళం నుంచి గంజాం, గజపతి, రాయగడ దాకా వ్యాపించిన చిల్లంగి (చేతబడి) నమ్మకం మరీ దారుణం. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే వీధి చివరి ఒంటరి ముసలమ్మ నేరస్థురాలవుతుంది. అక్కడ జనం భయపడే నేరం అసలు లేనే లేదు. ఆ భయం వల్ల ఆమె మీద జరిగేదే నేరం. ఒడిశా 2013లో మంత్రగత్తె వేటను నిషేధిస్తూ ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చిందంటే ఈ భయం బలం ఎంతో తెలుస్తుంది.

ఫోను ద్వారా జరిగే మోసాలకు వీధి లేదు, కాబట్టి వీధి భయంలో వాటికి చోటు తక్కువ. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు చెబితే ఖాతాలో సొమ్మును ఆపే అవకాశం ఉంటుంది. చుట్టూ పరాయి భాష వినిపించే చోట బ్యాంకు పేరు చెప్పి స్వచ్ఛమైన తెలుగులో మాట్లాడే గొంతును ముసలివాళ్లు తేలిగ్గా నమ్మే ప్రమాదం ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ చూశాక, సరిహద్దు వీధుల్లో భద్రత గురించి సర్వే చేయదలచినవారు అడిగే ప్రశ్నలు మార్చుకోవాలనిపిస్తుంది. ‘రాత్రివేళ ఒంటరిగా నడవడానికి భయపడతారా?’ అన్నది అన్ని దేశాల సర్వేల్లోనూ ఉండే ప్రశ్న. దానికి వచ్చే జవాబులో వీధిదీపం ఎంత, వదంతి ఎంత, నిజంగా జరిగిన నేరం ఎంత అన్నది విడదీయలేం. పైగా సర్వే కాగితం ఒడియాలోనో మరాఠీలోనో ఉండి, ఇంట్లో మగవారు జవాబు చెబితే, ముగ్గు వేసే మనిషి మాట దానిలోకి రాదు. అడగవలసింది ఆమెనే, తెలుగులోనే, ఉదయం పని తెమిలాక. మీ ఇంట్లో ఆఖరుసారి ఏం పోయింది? అది పోయిందని మొదట ఎవరికి చెప్పారు? తర్వాత ఎవరికి? వారు ఏమన్నారు? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో పక్కింటావిడ, ఆడపడుచు, కులపెద్ద, వార్డు కార్పొరేటరు, ఇచ్ఛాపురంలో ఉన్న అన్నయ్య వరుసగా కనిపిస్తారు. ఆ వరుసలో ఠాణా ఎన్నో స్థానంలో ఉందో చూసి, అయిదేళ్ల తర్వాత అదే వీధిలో అదే మనిషిని మళ్లీ అడగాలి.